పాత వ్యాన్ బాడీ భాగాల పొంతన

ఒక వ్యాన్ నుంచి కోసి తీసిన ఇనుప భాగం మరో వ్యాన్‌కు కుదురుతుందో లేదో కొనకముందే తేల్చుకునే పనిని ఈ వ్యాసంలో పొంతన అంటున్నాం. జాతకాల పొంతనలో లెక్క తప్పితే శాంతులూ పరిహారాలూ ఉంటాయంటారు. ఇక్కడ అవేమీ లేవు. బ్రేకు వేసిన ప్రతిసారీ బండి ఒక పక్కకు లాగి, జరిగిన తప్పును గుర్తుచేస్తూనే ఉంటుంది.

బంపర్, హెడ్‌లైట్, సైడ్ అద్దం లాంటివి ఈ వ్యాసం పరిధిలోకి రావు. వాటిని బోల్టులతో బిగిస్తారు, నచ్చకపోతే విప్పుతారు. ఇక్కడి విషయం వెల్డింగుతో అతికే భాగాలు: డోర్ల మధ్య నిలువు పిల్లర్లు, డోర్ల కింద సాగే సైడ్ సిల్, ఫ్లోర్, దాని కింది పొడవాటి మెంబర్లు, అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్లు, రూఫ్ రైళ్లు, ముందు అద్దం కింది కౌల్, వెనక క్వార్టర్ ప్యానెల్. గుద్దుకున్నప్పుడు వచ్చే దెబ్బను మనిషి దాకా రానీయకుండా పంచుకునేవి ఇవే.

మొఘల్‌పురా గల్లీల్లో వ్యాన్

ఈ పొంతన అవసరం తరచూ పడే చోట్లలో ఒకటైన మొఘల్‌పురా, హైదరాబాద్ పాతబస్తీలో 1591 నాటి చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న పేట. చుట్టూ శాలిబండ, సుల్తాన్‌షాహీ, హరిబౌలి. ఈ గల్లీలు మేనాలకూ గుర్రాలకూ పడ్డవి. లారీ రాదు, పెద్ద కారు తిరగదు. అందుకే ఇక్కడ చిన్న వ్యాన్‌కు అంత గిరాకీ. పొద్దున బడిపిల్లలను ఎక్కించుకుని, మధ్యాహ్నం దుకాణానికి సరుకు తెచ్చి, రాత్రి ఫంక్షన్ హాలుకు వంట దేగులు మోసే మారుతి ఓమ్నీ ఒకే బండి కావచ్చు. గల్లీ ఇరుకుకు మూల్యం కూడా ఆ బండే చెల్లిస్తుంది. కమాను రాయికి క్వార్టర్ ప్యానెల్ గీసుకోవడం, మలుపులో సైడ్ సిల్ ఒరుసుకోవడం, వెనక్కి తీస్తూ స్తంభాన్ని తాకడం మామూలే.

దెబ్బ తగిలిన బండి వెళ్లేది టింకరింగ్ షెడ్డుకు. డెంటింగ్ అనే మాట ఉన్నా, తెలుగువాళ్ల నోట బాడీ పని ఎక్కడైనా టింకరింగే. పాతబస్తీ షెడ్డులో పెద్ద పనివాడు ఉస్తాద్. ముందు జాలీ ముఖం షో, వెనక తలుపు డిక్కీ, వాడిన భాగం సెకండ్స్, విడదీసిన బండి నుంచి వచ్చింది కటింగ్ మాల్, తుప్పు జంగ్. ఈ మాటలు తెలియని కొనుగోలుదారుడికి బేరం సగం దగ్గరే ఆగిపోతుంది.

కొత్త విడిభాగాలకు నగరంలో పుత్లీబౌలి, రాణీగంజ్ పేరున్న చోట్లు. పెద్ద బళ్ల బాడీ పనికి వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్ ఉంది. గురువారం గురువారం సాగే జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత పాత సామానుకు ప్రసిద్ధి. అయితే అక్కడ దొరికేది ఎక్కువగా చేతిలో పట్టే వస్తువు, పిల్లరు కాదు. ఇంకా దూరం వెళ్లగలిగినవాళ్లకు విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది. బస్సు, లారీ బాడీలు కట్టడంలోనూ పాత బళ్లు విడదీయడంలోనూ ఆంధ్రదేశంలో దానికున్న పేరు మరోదానికి లేదు.

బాడీ కట్టే విద్య హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది. అదే సంస్థ 1980ల్లో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న వాణిజ్య వాహనాలు చేసింది. 1989లో ఆ వాహన విభాగం మహీంద్రా చేతికి పోయింది. ఆల్విన్ నిస్సాన్ బండి ఇంకా నడుపుతున్నవాడికి కొత్త క్యాబిన్ భాగం కంపెనీ నుంచి వచ్చే మాట లేదు, పాత బండే గని. తయారీ ఆగిన ప్రతి వాహనానికీ చివరికి పట్టే దశ ఇదే.

ఎముక ఎక్కడుంది

భాగం కొనే ముందు తేలాల్సింది బండి కట్టుబడి. టాటా ఏస్ (2005), దాని మీద వచ్చిన టాటా మ్యాజిక్ (2007) నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద కూర్చుంటాయి. బరువు మోసేది ఛాసిస్, క్యాబిన్ దాని మీద బిగించిన పెట్టె. అలాంటి బండిలో క్యాబిన్ భాగం రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా చక్రాల వరస చెడదు.

మోనోకాక్ బండిలో అలా కాదు. అక్కడ పెట్టే ఎముక, పెట్టే చర్మం. ఫ్లోర్ రేకు, దాని కింద స్పాట్ వెల్డింగుతో అతికిన మెంబర్లు, పక్క గోడలు, రూఫ్ అన్నీ కలిసి బరువు మోస్తాయి. సస్పెన్షన్ కూడా ఆ రేకులకే బిగుస్తుంది. సిల్‌లో తప్పు చేస్తే డోరు పడదు, మెంబర్‌లో తప్పు చేస్తే టైరు ఒకవైపు అరుగుతుంది. మారుతి ఈకో, టాటా వింగర్ ఈ జాతివి. ఓమ్నీలోనూ మెంబర్లు ఫ్లోర్‌కు అతికే ఉంటాయి కాబట్టి దాన్నీ ఇలాగే చూడాలి. షెడ్డులో ‘ఇదీ ఛాసిస్ బండే కదా’ అనే మాట వినిపిస్తే, మాట్లాడేవాడు ఏ బండి గురించి అంటున్నాడో అడగడం మంచిది.

ఓమ్నీ, వర్సా, ఈకో

పాతబస్తీలో వ్యాన్ అంటే చాలాకాలం మారుతీయే. మారుతి వ్యాన్ 1984లో వచ్చింది, 1988లో ఓమ్నీ అయింది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. 1998లో ఒకసారి, 2005లో మరోసారి ముఖం మారింది. 2019 ఏప్రిల్‌లో తయారీ ఆగింది. తెలుగు సినిమా దీన్ని అపహరణలకు వాడి వాడి బద్నాం చేసింది కానీ, పక్కకు జారే తలుపు గల్లీలో ఎంత సౌకర్యమో పిల్లలను దింపే డ్రైవరును అడిగితే చెబుతాడు.

35 ఏళ్లు ఒకే ఆకారంలో నడిచిన బండి కావడంతో ‘ఓమ్నీ మాల్ ఏదైనా ఓమ్నీకి పడుతుంది’ అనే నమ్మకం బలంగా పాతుకుపోయింది. అందులో సగం నిజం. వీల్‌బేస్ చివరిదాకా 1,840 మిల్లీమీటర్లే. కానీ ముఖం మారినప్పుడు షో, లైట్ల గూళ్లు, వాటిని పట్టుకునే ముందు ప్యానెల్ మారాయి. 1998కి ముందు బండి ముఖాన్ని తర్వాతి దానికి అతికించాలంటే లైటు బ్రాకెట్ల దగ్గర రేకు కోసి, కలిపి, లప్పం పూసి దాచాల్సి వస్తుంది. ఓమ్నీలో డ్రైవరు కాళ్లు ముందు చక్రాల కంటే ముందుకు ఉంటాయి. అతడికీ ఎదురొచ్చే గోడకూ మధ్య ఉన్నది ఆ ముందు ప్యానెల్, దాని వెనక అడ్డపట్టీ మాత్రమే. లప్పం గోడను ఆపదు.

కార్గో ఓమ్నీకి, 5 సీట్ల ఓమ్నీకి, 8 సీట్ల ఓమ్నీకి, అంబులెన్సుకు వెనక పక్క గోడలు చూడ్డానికి ఒకలాగే ఉండొచ్చు. అద్దం ఉన్న గోడ వేరు, మూసిన గోడ వేరు. సీటు బెల్టు కొక్కెం వెల్డ్ చేసిన లోపలి రేకు వేరు, అది లేని రేకు వేరు. ప్రయాణికుల బండికి కార్గో బండి గోడ అతికితే బయటికి నీటుగానే కనిపిస్తుంది. వెనక సీటులో బెల్టు బిగించే చోట మాత్రం ఖాళీ రేకు మిగులుతుంది. దానికి రంధ్రం వేసి బోల్టు బిగించడం షెడ్డుల్లో మామూలు పరిష్కారం. రీఇన్‌ఫోర్స్‌మెంట్ (వెనక బలపరిచే అదనపు రేకు) లేని 0.8 మిల్లీమీటర్ల రేకు నుంచి ఆ బోల్టు గుద్దులో ఊడి రావడం కూడా అంతే మామూలు.

వర్సా 2001లో వచ్చింది. దాని కుటుంబం నుంచే 2010 జనవరిలో ఈకో పుట్టింది. రెండింటి వీల్‌బేస్ ఒకటే: 2,350 మిల్లీమీటర్లు. అంటే ఫ్లోర్ దగ్గర చుట్టరికం గట్టిదే. రూఫ్ దగ్గర తెగిపోతుంది. వర్సా తల ఎత్తు, ఈకో తల కిందికి. వర్సా రూఫ్ రైలు ఈకోకు పడదు, డోరు ఫ్రేముల పైభాగమూ పడదు. ఓమ్నీకి ఈకోకు మధ్య 510 మిల్లీమీటర్ల వీల్‌బేస్ తేడా ఉంది కనుక ఆ జంట గురించి మాట్లాడే పనే లేదు, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరైనా.

అసలు ఉచ్చు ఈకోలోనే ఉంది. దేశంలో ఎదురు గుద్దు, పక్క గుద్దు పరీక్షల నియమాలు కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు 1 నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్నవాటికి 2019 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. ఆ గీత దాటలేకే ఓమ్నీ ఆగింది, ఈకో దాటింది. 2016లో వాహనాల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించిన ఎయిర్‌బ్యాగ్ లేని ఈకోకు పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. ఈ నియమాల కాలానికి ముందూ వెనకా తయారైన ఈకోలు పక్కపక్కన నిలబడితే కవలల్లా ఉంటాయి. గుద్దు తట్టుకునే బలం రావాల్సింది పైరేకులో కాదు, దాని వెనక దాగిన రేకుల్లో. అందుచేత 2019 తర్వాతి ఈకోకు 2014 బండి ముందు మెంబరు రంధ్రాలు కలిసి సరిపోయినా సరే, వేయకూడదు. బండి తన ఏడాదికి ఇచ్చిన మాట ఆ ఒక్క ముక్కతో తప్పుతుంది.

ఇతర వ్యాన్లు

ఫోర్స్ ట్రావెలర్ (2005 దాకా ఈ కంపెనీ పేరు బజాజ్ టెంపో) 1987 నుంచి ఉంది, మూలం జర్మనీ మెర్సిడెస్ వ్యాన్. ఒకే పేరు మీద 3,050, 3,350, 3,700 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌లు నడుస్తాయి కాబట్టి ‘ట్రావెలర్ పక్క గోడ’ అని అడగడం అర్థం లేని ప్రశ్న. వింగర్ (2007) ఫ్రాన్స్ రెనో ట్రఫిక్ వారసత్వం, ముందు చక్రాల డ్రైవు. పొట్టి రూఫ్, ఎత్తు రూఫ్ రెండూ ఉన్నాయి. విదేశీ మూలాన్ని నమ్ముకుని అక్కడి భాగం తెప్పించాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎడమ స్టీరింగు దేశాల్లో ప్రయాణికుల తలుపు కుడివైపు, మన దగ్గర ఎడమవైపు. అద్దంలో బొమ్మలా ఉన్న గోడ ఎంత నాణ్యమైనదైనా పనికిరాదు.

నంబర్లు చదవడం

బండి గుర్తింపు 17 అక్షరాల ఛాసిస్ నంబరులో ఉంది. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో రావు, 1, 0 అంకెలతో గందరగోళపడకుండా. మొదటి మూడు అక్షరాలు తయారీదారుడివి: ఎంఏ3 అంటే మారుతి, ఎంఏటీ అంటే టాటా, ఎంఏ1 అంటే మహీంద్రా. చాలా కంపెనీలు పదో స్థానంలో ఏడాది గుర్తు పెడతాయి. 2010కి ఏ, 2011కి బీ అలా సాగి 2018కి జే, 2019కి కే, 2020కి ఎల్. భాగం ఏ బండి నుంచి వచ్చిందో ఆ బండి నంబరు అమ్మేవాడి దగ్గర ఉండాలి, మీ బండి నంబరు మీ దగ్గర ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడడం ఐదు నిమిషాల పని. బేరానికి అరగంట పెట్టేవాళ్లు దీన్నే వదిలేస్తారు.

రెండోది విడిభాగం నంబరు. సుజుకీ కుటుంబంలో మొదటి ఐదు అంకెలు అది ఏ రకం భాగమో చెబుతాయి, తర్వాతి గుంపు ఏ మోడలుదో చెబుతుంది. రంగు వేసి వచ్చే భాగాలకు చివర మూడక్షరాల రంగు గుర్తు కూడా ఉంటుంది. మొదటి ఐదు కలిశాయని సంబరపడితే లాభం లేదు. అవి కలిస్తే తేలేది రెండూ ఒకే రకం భాగాలని మాత్రమే. మోడలు గుంపు కలవాలి. లేదా కంపెనీ తానే పాత నంబరును తీసేసి కొత్త నంబరు ఇచ్చి ఉండాలి. ఆ మార్పు జాబితా అధీకృత విడిభాగాల కౌంటరులో ఉంటుంది. వెల్డింగు భాగాల మీద స్టిక్కరు ఎక్కువకాలం నిలవదు కాబట్టి, బండి ఏడాదీ రకమూ చెప్పి కౌంటరులోనే నంబరు రాయించుకుని పాత సామాను వేటకు వెళ్లడం తెలివైన దారి.

కొలత

నంబరు కలిసిన భాగం కూడా వంగి ఉండొచ్చు. అది వచ్చిన బండి ఊరికే షెడ్డుకు రాలేదు, ఎక్కడో గుద్దుకునే వచ్చింది. వెనక గుద్దు తిన్న బండి ముందు భాగం బాగుంటుందని అనుకోవడం సహజం. మోనోకాక్‌లో మాత్రం దెబ్బ అలలా ముందుకు పాకి, రూఫ్‌కూ పిల్లరుకూ మధ్య అతుకు దగ్గర చిన్న ముడతగా తేలుతుంది.

కంపెనీ మరమ్మతు పుస్తకంలో ఫ్లోర్ కింది రంధ్రాల మధ్య దూరాలు, డోరు గూళ్ల మూలల నుంచి మూలలకు కొలతలు ఉంటాయి. పనిలో 3 మిల్లీమీటర్ల దాకా తేడాను ఒప్పుకోవడం సాధారణ ఆనవాయితీ. పుస్తకం దొరకకపోతే బండే పుస్తకం. దెబ్బ తగలని పక్కను కొలిచి, అద్దంలో బొమ్మలా రెండోపక్కతో పోల్చాలి. డోరు గూడులో రెండు ఐమూల కొలతలు తీసుకుని ఎదుటి గూడుతో సరిచూడాలి. ఫ్లోర్ కింద ఎడమ ముందు నుంచి కుడి వెనకకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు కొలిచి రెండూ సమానమా అని చూడాలి. కొలిచే బెంచీ లేని షెడ్డులో మేస్త్రీలు గోడ నిలువు చూసే తూకపు గుండు చాలు. మెంబర్ల రంధ్రాల నుంచి దాన్ని వేలాడదీసి, కింద సున్నంతో చుక్కలు పెట్టి, చుక్కల మధ్య టేపు లాగాలి. అయితే కింద నేల సమంగా ఉండాలి. గల్లీలో బండ పరుపు మీద చేసిన కొలత ఎవరినో మోసం చేయడానికే.

జారే తలుపున్న వ్యాన్‌లో ఈ పని మరింత కష్టం. తలుపు పైనా కిందా మధ్యలో మూడు పట్టాల మీద నడుస్తుంది. మధ్య పట్టా క్వార్టర్ ప్యానెల్ మీదే ఉంటుంది. కొత్తగా అతికిన ప్యానెల్ 4 మిల్లీమీటర్లు కిందికి దిగిందంటే తలుపు సగం దాకా వచ్చి బిగుసుకుంటుంది. అప్పుడు పట్టాను సుత్తితో సరిచేయడం మొదలవుతుంది. అందుకే మంచి ఉస్తాద్ తలుపును తగిలించే ఉంచి, ప్యానెల్‌ను వైస్ గ్రిప్పులతో పట్టించి, తలుపును పదిసార్లు జరిపి చూసి, ఆ తర్వాతే చిన్న చిన్న తాత్కాలిక వెల్డు చుక్కలు (టాక్‌లు) వేస్తాడు. తలుపు విప్పి పక్కన పెట్టి ప్యానెల్ పూర్తిగా వెల్డ్ చేసే చోట బండి వదలకండి.

లోహం, మంట, అతుకు

రెండు రేకులు ఒకే మందం, ఒకే ఆకారంలో ఉన్నా ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది కావచ్చు. పాత వ్యాన్ల రేకు ఎక్కువగా మైల్డ్ స్టీలు. దాన్ని కొట్టి సరిచేయవచ్చు, గ్యాస్‌తో అతకవచ్చు. తర్వాతి తరం బళ్లలో పిల్లర్లకూ మెంబర్లకూ హై స్ట్రెంగ్త్ స్టీలు వచ్చింది. ఇంకా పైమెట్టున, సుమారు 900 డిగ్రీలకు కాల్చి అచ్చులోనే చల్లార్చే బోరాన్ స్టీలు ఉంది. తెగే ముందు అది చదరపు మిల్లీమీటరుకు దాదాపు 1,500 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. మామూలు రేకు తట్టుకునేది 300కు అటూ ఇటూ. ఆ గట్టి రేకును మళ్లీ ఎర్రగా కాలిస్తే బలం పోతుంది. గ్యాస్ టార్చితో కోసిన పిల్లరును పాత సామానులో చూస్తే, కోత అంచున నీలం, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. మంట అక్కడిదాకా పాకిందనడానికి అదే సాక్ష్యం. రంపంతోనో గ్రైండరుతోనో, అవసరమైన చోటు కంటే ఒక జానెడు ఎక్కువ వదిలి కోసిన భాగమే కొనాలి. కోసేవాడికి టార్చి త్వరగా అవుతుంది. ధర ఒకటే అయినప్పుడు ఆ తొందరకు మనమెందుకు డబ్బు చెల్లించాలి?

భాగం ఎక్కడ కోసి ఉందన్నది ఇంకా ముఖ్యం. కంపెనీ అతుకులు ఉన్న చోట స్పాట్ వెల్డులు తొలిచి పూర్తి భాగంగా తీసినదైతే మేలు. మధ్యలో కోసి కలపాల్సి వస్తే, బయటి రేకు అతుకూ లోపలి రేకు అతుకూ ఒకే గీత మీద ఉండకూడదు. డోరు కబ్జాలు, సీటు బెల్టు కొక్కెం, సస్పెన్షన్ బిగింపు, రీఇన్‌ఫోర్స్‌మెంట్ ముగిసే చోటు – వీటికి దగ్గర్లో కోత పడకూడదు. పెట్టె ఆకారపు సిల్‌లో అతుకు లోపల అదే మందం రేకుతో ఒక తొడుగు పెట్టి వెల్డ్ చేస్తారు. వెల్డింగు కూడా కంపెనీ ఎక్కడ ఎన్ని స్పాట్‌లు వేసిందో అన్ని ఉండేలా, రంధ్రాలు నింపే పద్ధతిలో మిగ్ వెల్డింగుతో చేయాలి. బ్రేజింగు అనే ఇత్తడి అతుకు బయటి అందానికి పనికొస్తుంది కానీ మెంబరుకు కాదు. జింకు పూత ఉన్న రేకైతే అతుకు అంచున పూత తీసి, గాలి ఆడే చోట పని చేయాలి. 907 డిగ్రీల దగ్గర జింకు ఆవిరవుతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మూసిన షట్టరు వెనక రాత్రిపూట పని చేసే కుర్రవాళ్లకు ఇది చెప్పేవాళ్లు తక్కువ.

అతుకు పద్ధతి ప్రాణం మీదికి ఎలా వస్తుందో అమెరికాలో ఒక కేసు చూపింది. టెక్సస్‌లో ఒక బాడీ షెడ్డు హోండా ఫిట్ కారుకు (మన జాజ్) కొత్త రూఫ్‌ను స్పాట్ వెల్డింగుకు బదులు జిగురుతో అతికింది. ఆ సంగతి తెలియకుండా కారు వాడినదిగా కొన్న దంపతులు ప్రమాదంలో ఘోరంగా గాయపడ్డారు. 2017 అక్టోబరులో డాలస్ జ్యూరీ ఆ షెడ్డు మీద 3.15 కోట్ల డాలర్లు మోపింది. అక్కడ రేకు కొత్తదే, ఆకారమూ సరిపోయింది. తప్పు జరిగింది అతుకులో.

తుప్పు, వరద, దాచిన మరమ్మతు

తుప్పు పైన కనిపించదు. సిల్ లోపల, మెంబరు లోపల నీరు నిలిచే చోట మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలో పెరిగిన బండి భాగానికీ హైదరాబాద్ పొడిగాలిలో పెరిగిన భాగానికీ తేడా ఉంటుంది. హైదరాబాద్ భాగమే కొన్నామని ధీమా పనికిరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో పాతబస్తీ దక్షిణాన ఫలక్‌నుమా అల్ జుబైల్ కాలనీలో బళ్లు నీళ్లలో కొట్టుకుపోవడం నగరమంతా చూసింది. అలా మునిగిన బండి ఇంజిన్ పాడైతే బాడీ చవకగా కటింగుకు పోతుంది. వరద బురద పెట్టె ఆకారపు భాగాల్లో ఎండి ఏళ్ల తరబడి తేమ పట్టి ఉంచుతుంది. సిల్ కింద నీరు కారే రంధ్రంలోకి తీగ పోనిచ్చి గీకండి. మెత్తని సన్న మట్టి వస్తే ఆ భాగం వదిలేయండి.

చిన్న సుత్తితో తడితే మంచి రేకు మోగుతుంది, లోపల తిన్నది బొంగురుగా పలుకుతుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం లప్పం ఉన్న చోట పట్టు వదులుతుంది. రంగు మందం కొలిచే పరికరం ఉంటే ఇంకా మంచిది: కంపెనీ రంగు సాధారణంగా 100 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, 300 దాటితే కింద ఏదో కథ ఉంది. అంచులు మడిచే చోట కంపెనీ స్పాట్ వెల్డులు ఒకే వరసలో, ఒకే ఎడంలో చిన్న గుంటల్లా కనిపించాలి. వాటి బదులు తీగలా సాగిన వెల్డింగు కనిపిస్తే ఆ భాగం ఇదివరకే ఒకసారి మరమ్మతై వచ్చింది.

చట్టం, కాగితం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారుడు పేర్కొన్న అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద అలాంటి మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దెబ్బతిన్న ప్యానెల్ స్థానంలో అదే రకం ప్యానెల్ వేస్తే పత్రంలో వివరాలేవీ మారవు. కార్గో గోడ కోసి కిటికీలు పెట్టి సీట్లు వేస్తే మారతాయి.

ఛాసిస్ నంబరు చెక్కిన ముక్క వేరే సంగతి. దాన్ని కోసి మరో బండికి అతకడం మరమ్మతు కాదు, బండికి దొంగ పేరు పెట్టడం. ఆ నంబరు ఉన్న భాగాన్ని పాత సామానులో అమ్మజూపితే అది దొంగబండిది అయ్యే అవకాశం ఎక్కువ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దొంగసొత్తని తెలిసీ కొన్నవాడికీ వర్తిస్తుంది. సక్రమ మార్గంలో తుక్కుకు పోయే బండి సంగతి 2021 స్క్రాపింగ్ నియమాల్లో ఉంది. గుర్తింపు పొందిన కేంద్రం ఛాసిస్ నంబరు ముక్కను కోసి ఆరు నెలలు భద్రంగా ఉంచాలి. అందువల్ల అమ్మేవాడిని అడగాల్సింది మూడు మాటలే: బండి రిజిస్ట్రేషన్ నంబరు, తుక్కు చేసిన పత్రం నకలు, సంతకంతో బిల్లు. బండి వివరాలు ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పాత నంబరు పలకల్లో ఏపీ 12, 2014 తర్వాత టీఎస్ 12, 2024 మార్చి నుంచి టీజీ 12 అని ఉంటే అది హైదరాబాద్ దక్షిణ మండలం రిజిస్ట్రేషన్, మొఘల్‌పురా బళ్ల సొంత కోడ్.

పసుపు పలక ఉన్న స్కూల్ వ్యాన్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి. తెల్ల పలక ఉన్న సొంత ఓమ్నీ కింద 15 ఏళ్ల దాకా ఏ అధికారీ వంగి చూడడు. ఆ బండిలో అతుకు ఎలా ఉందో చూడాల్సిన బాధ్యత అంతా యజమానిదే. బ్రిటన్‌లో బీమా సంస్థలు 2017 అక్టోబరు నుంచి, తాము రైటాఫ్ చేసినా బాగుచేయదగ్గ బళ్లలో ఛట్రానికి దెబ్బతగిలినవాటికి ఎస్ అనీ మిగతావాటికి ఎన్ అనీ గుర్తు వేసి, ఆ గుర్తు బండితో శాశ్వతంగా ఉండేలా చేశాయి. మన రిజిస్ట్రేషన్ పత్రంలో అలాంటి గడి లేదు. ఉండాలి.

ధర

పాత భాగం వైపు జనాన్ని నెట్టేది బీమా లెక్క కూడా. లోహ భాగాలకు బీమా తరుగు బండి వయసును బట్టి పెరుగుతుంది: ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. కొత్త ప్యానెల్ ఖర్చులో సగం తానే పెట్టుకోవాల్సిన పాత బండి యజమాని సెకండ్స్ వెతుక్కోవడంలో వింత లేదు. బేరంలో అతడు కలుపుకోవాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి: స్పాట్ వెల్డులు తొలిచే కూలి, పాత రంగు గీకి ప్రైమరు వేసే ఖర్చు, అతుకు తర్వాత పెట్టె లోపల పోసే తుప్పు నిరోధక మైనం, చివరగా చక్రాల అలైన్‌మెంట్. ఇవన్నీ కలిపినా కొత్తదాని కంటే మూడోవంతైనా మిగలకపోతే కొత్తదే కొనడం మేలు. ఓమ్నీ యజమానికి ఆ ఎంపిక రోజురోజుకూ తగ్గుతోంది. 2019లో చిట్టచివరగా వచ్చిన ఓమ్నీలు కూడా 2029లో ఆ 50 శాతం వరసలో చేరతాయి.